అయిదు రోజుల దేశం, అరవై అయిదేళ్ల తగువు

గౌరవనీయులైన సంపాదకులకు,

తూర్పు ఆఫ్రికాలో సోమాలియా నుంచి విడిపోయామని 1991లో ప్రకటించుకున్న సోమాలీలాండ్‌ను ఇజ్రాయెల్ 2025 డిసెంబరు 26న స్వతంత్ర దేశంగా గుర్తించిన సందర్భంలో మీ పత్రిక అంతర్జాతీయ పుటలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త ఆ ప్రాంతాన్ని మొదటి వాక్యం నుంచి చివరి దాకా 'తిరుగుబాటు ప్రాంతం' అనే పిలిచారు. ముగింపుకు వచ్చేసరికి 'ఆఫ్రికా తెలంగాణ' అని మరో పేరు కూడా పెట్టారు. మొదటి మాట వాళ్ల చరిత్రను సగం మింగేస్తోంది. రెండోది అభిమానంతో అన్నదే అయినా, మన చరిత్రనూ వాళ్ల చరిత్రనూ ఒకే గాటన కట్టి రెండింటినీ అర్థం కాకుండా చేస్తోంది. హనుమకొండలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధించిన వాణ్ణి కనుకనూ, మా ఇంటి పై వాటాలో మూడేళ్లపాటు కిరాయికి ఉండి చదువుకున్న, సోమాలీలాండ్ రాజధాని హర్గేసా నుంచి వచ్చిన విద్యార్థి నుంచి ఆ నేల సంగతులు దగ్గరగా విన్నవాణ్ణి కనుకనూ, ఈ ఉత్తరం కొంచెం పొడవైనా ఓపికగా చదువుతారని ఆశిస్తున్నాను.

ఆ అబ్బాయి మా ఇంట్లో దిగిన రోజు కిరాయి కాగితం మీద దేశం పేరు రాయవలసిన చోట కలం పట్టుకుని చాలాసేపు ఆగిపోయాడు. చేతిలో ఉన్న పాస్‌పోర్టు సోమాలియాది. పుట్టింది మాత్రం 1991 తర్వాత, హర్గేసాలో. సోమాలియా రాజధాని మొగదీషులోని ప్రభుత్వం కింద తాను ఒక్క రోజు కూడా బతకలేదని, తమకు సొంత పాస్‌పోర్టు, సొంత షిల్లింగు, సొంత పోలీసులు, సొంత పార్లమెంటు ఉన్నా బయటి లోకంలో ఆ కాగితాలు చాలాచోట్ల చెల్లవని చెప్పాడు. చివరికి పాస్‌పోర్టులో ఉన్న పేరే రాశాడు. లక్షలాది మంది జీవితాల్లో ప్రతి దరఖాస్తు దగ్గరా ఎదురయ్యే ఈ ఇబ్బందికి 'తిరుగుబాటు' అన్న మాటలో చోటు లేదు.

అసలు కథ 1960లో ఉంది. వలస పాలన కాలంలో సోమాలీ జనం ఉండే నేల అయిదు ముక్కలైంది. ఏడెన్ సింధుశాఖను ఆనుకున్న ఉత్తర తీరం బ్రిటిష్ వారి రక్షిత ప్రాంతం, హిందూ మహాసముద్రం వైపున్న పొడవాటి తీరం ఇటలీది, జిబూతి ఫ్రాన్సుది, ఓగాడెన్ ఇథియోపియా కింద, మరో ముక్క కెన్యా కింద పడ్డాయి. వీటిలో బ్రిటిష్ సోమాలీలాండ్ 1960 జూన్ 26న స్వతంత్ర దేశమైంది. ముహమ్మద్ హాజీ ఇబ్రహీం ఈగాల్ ఆ దేశపు ప్రభుత్వాధినేత. సరిగ్గా అయిదు రోజులకు, జూలై 1న, ఇటలీ ధర్మకర్తృత్వం నుంచి అదే రోజు విముక్తమైన దక్షిణ ప్రాంతంతో అది స్వచ్ఛందంగా కలిసిపోయి సోమాలీ రిపబ్లిక్‌లో భాగమైంది. సోమాలియా జెండా మీది నక్షత్రానికి అయిదు కొసలు ఉండటం ఆ అయిదు ముక్కలూ ఏనాటికైనా ఒకటి కావాలన్న కలకు గుర్తు. ఒకే భాష మాట్లాడే వాళ్లందరికీ ఒకే రాజ్యం ఉండాలన్న కల ఎంత బలమైనదో, ఆ కలలో పడి షరతులు రాసుకోవడం ఎంత తేలిగ్గా మరిచిపోతామో విశాలాంధ్ర రోజులు చూసిన తరానికి వివరించి చెప్పనక్కరలేదు.

ఉత్తరాది వారు నిజంగానే షరతులు రాసుకోలేదు. రాజధాని మొగదీషు అయింది. అధ్యక్షుడు, ప్రధానమంత్రి ఇద్దరూ దక్షిణాది వారే అయ్యారు. జాతీయ సభలోని 123 స్థానాల్లో ఉత్తరానికి దక్కినవి 33. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, విలీన పత్రమే సక్రమంగా లేదు; హర్గేసా శాసనసభ ఆమోదించిన పాఠం ఒకటైతే, మొగదీషు వైపు ఆమోదించింది మరొకటి, ఇరుపక్షాలూ కూర్చుని సంతకాలు చేసిన ఒకే కాగితమంటూ లేకపోయింది. మరుసటి ఏడాది వెనకటి తేదీ నుంచి వర్తించేలా కొత్త చట్టం చేసి ఆ లోటు పూడ్చవలసి వచ్చింది. 1961 జూన్‌లో ఉమ్మడి రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఉత్తరాదిలో చాలామంది ఓటింగుకే దూరంగా ఉన్నారు, వేసినవారిలో సగానికి పైగా వద్దన్నారు. ఆ డిసెంబరులో ఉత్తరాదికి చెందిన యువ సైనికాధికారులు తిరగబడి విఫలమైతే, వాళ్లను విచారించిన న్యాయమూర్తి చట్టబద్ధమైన విలీన పత్రమే లేదన్న కారణంతో 1963లో విడిచిపెట్టాడు. కలయిక జరిగి మూడేళ్లు నిండకముందే ఒక న్యాయస్థానం ఆ మాట అన్నదంటే, తర్వాత వచ్చిన గొడవలకు బీజం ఎక్కడ పడిందో తెలుస్తుంది.

ఇక్కడే మీ వ్యాసకర్తకు తెలంగాణ గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది. 1952లో ముల్కీ ఆందోళన రాజుకున్నది మా వరంగల్‌లోనే. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత ఇక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని చెప్పింది. ఆ ఆగడం లేకుండానే 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని, నవంబరు 1న కలిపారు. ఆ ఒప్పందం ఏమైందో చెప్పడానికి 1969 ఉద్యమమే సాక్ష్యం. నేను అప్పుడు బడి పిల్లవాణ్ణి, ఆ ఏడాది మా చదువు మొత్తం కొట్టుకుపోయింది. కలిసేటప్పటి మాట కలిసిన తర్వాత నిలబడకపోతే కడుపులో ఎంత మంట ఉంటుందో మాకు తెలుసు కనుకనే హర్గేసా వారి బాధ మా చెవికి త్వరగా ఎక్కుతుంది.

అయినా ఈ రెండూ ఒకటి కావు. తెలంగాణ ప్రజలు కోరింది ఒక దేశం లోపల ఒక రాష్ట్రం. దానికి రాజ్యాంగంలో మూడో అధికరణం ఉంది, పార్లమెంటు ఉంది, 2014 జూన్ 2న అది నెరవేరిన తీరూ ఆ దారిలోనే ఉంది. వేరే జెండా, వేరే సైన్యం, వేరే పాస్‌పోర్టు ఇక్కడి ఉద్యమం ఏనాడూ అడగలేదు. సోమాలీలాండ్ వాదం ఇంకో రకమైనది. తాము అయిదు రోజులైనా సార్వభౌమ దేశంగా ఉన్నామని, మరో దేశంతో ఇష్టపడి కలిశామని, ఆ కలయిక చెడిపోయింది కనుక పాత హద్దుల్లోకి తిరిగి వస్తున్నామని వాళ్లంటారు. మనల్ని వాళ్లతో పోలిస్తే మన ఉద్యమానికి లేని వేర్పాటు ముద్ర పడుతుంది. వాళ్లను మనతో పోలిస్తే ఒక దేశపు హోదా కోసం జరిగే వాదం జిల్లాల పంపకంలా కనిపిస్తుంది.

ఇంకో తేడా ఉంది. దాన్ని తలచుకోకుండా పోలిక తేవడమే తప్పు. 1969 అక్టోబరులో సైనిక కుట్రతో గద్దెనెక్కిన సియాద్ బర్రె పాలనలో ఉత్తరాది ఇసాక్ వంశీయుల మీద అణచివేత పెరిగింది. 1981లో లండన్‌లో పుట్టిన సోమాలీ జాతీయోద్యమం అనే సాయుధ సంస్థ 1988 మేలో బురావ్, హర్గేసా నగరాల మీద దాడికి దిగగానే, ప్రభుత్వం తన సొంత నగరాన్నే విమానాలతో బాంబులు వేసి నేలమట్టం చేసింది. ఆ విమానాలు లేచింది హర్గేసా విమానాశ్రయం నుంచే. చనిపోయినవారు యాభై వేలకు పైనే ఉంటారని పలు అంచనాలు చెబుతున్నాయి. లక్షలాది మంది కాలినడకన ఇథియోపియా సరిహద్దు దాటి హర్తిషేక్ శిబిరంలో తలదాచుకున్నారు. మా ఇంట్లో ఉన్న విద్యార్థి తండ్రి అప్పుడు పన్నెండేళ్ల పిల్లవాడట, చెల్లెల్ని వీపున వేసుకుని నడిచాడట. కూలిన మిగ్ యుద్ధ విమానం ఒకటి ఈనాటికీ హర్గేసా నడిబొడ్డున స్మారకంగా నిలబడి ఉంది. తమ సొంత విమానాశ్రయం నుంచి లేచిన విమానం తమ ఇంటి మీద బాంబు వేస్తే, ఆ ప్రభుత్వంతో మళ్లీ కలిసి ఉండమని వాళ్లకు చెప్పే హక్కు ఎవరికి ఉంటుంది?

'వంశం' అన్న మాట నేను తెలిసే వాడాను. మన పత్రికల్లో 'తెగ' అని రాస్తే పాఠకుడు వేర్వేరు భాషలు, వేర్వేరు ఆచారాలు ఊహించుకుంటాడు. సోమాలీలు దాదాపు అందరూ ఒకే భాష మాట్లాడే సున్నీ ముస్లింలు. వాళ్లను విడదీసేది తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా అప్పజెప్పే వంశపరంపర. దేశమంతా అందరికీ వాటా దొరకాలని 2000 సంవత్సరంలో జిబూతిలోని ఆర్తా సమావేశంలో నాలుగు ప్రధాన వంశాలకు తలా ఒక వంతు, మిగిలిన చిన్న సమూహాలన్నింటికీ కలిపి అరవంతు అని లెక్క కట్టారు. దక్షిణాది రాజకీయం నేటికీ ఆ 'నాలుగున్నర' లెక్క చుట్టూనే తిరుగుతోంది.

1991 జనవరిలో బర్రె పారిపోయాక మొగదీషులో సేనానులు ఒకరినొకరు కాల్చుకుంటుండగా, ఉత్తరాది పెద్దలు మే 18న బురావ్‌లో కూర్చుని స్వాతంత్ర్యం ప్రకటించారు. అక్కడా వెంటనే శాంతి రాలేదు, వంశాల మధ్య తుపాకులు పేలాయి. అయితే 1993లో బోరామ పట్టణంలో పెద్దలు నెలల తరబడి కూర్చుని మాట్లాడుకున్నారు. విదేశీ సైన్యాల కాపలా లేకుండా, ఎక్కువగా తమ ఖర్చుతోనే, ఎవరి పశువు ఎవరు తోలుకుపోయారన్న దగ్గర నుంచి అధ్యక్షుడు ఎవరు కావాలన్న దాకా తేల్చుకున్నారు. 1960లో అయిదు రోజులు ఏలిన ఈగాలే మళ్లీ అధ్యక్షుడయ్యాడు. పెద్దల సభకు 'గుర్తి' అన్న పేరుతో పార్లమెంటులో చోటు ఇచ్చారు. 2001 మే 31న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో స్వాతంత్ర్యాన్ని చాటే రాజ్యాంగానికి 97 శాతం మంది మద్దతు పలికారు. 2003 అధ్యక్ష ఎన్నికలో గెలుపోటముల మధ్య తేడా మొదట ప్రకటించిన లెక్క ప్రకారం 80 ఓట్లు. ఓడినవాడు కోర్టుకు వెళ్లాడు, తీర్పును ఒప్పుకున్నాడు, తుపాకీ తీయలేదు. ఏడేళ్లకు, 2010లో, ఆ ఓడినవాడే, అహ్మద్ సిలాన్యో, గెలిచి గద్దెనెక్కాడు. 2024 నవంబరులో ప్రతిపక్ష అభ్యర్థి అబ్దిరహమాన్ ముహమ్మద్ అబ్దుల్లాహి, అధికారంలో ఉన్న మూసె బిహి అబ్దిని ఓడించినప్పుడూ అధికారం చేతులు మారింది. దక్షిణాన 1969 తర్వాత దేశమంతటా మనిషికొక ఓటు లెక్కన సార్వత్రిక ఎన్నిక జరగలేదు.

ఇక అంతర్జాతీయ చట్టం మాట. స్థిరమైన జనాభా, నిర్ణీతమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నడిపే శక్తి ఉంటే అది దేశమని 1933 మాంటెవిడియో ఒడంబడిక చెబుతుంది. ఆఫ్రికా దేశాలు మాత్రం 1964 కైరో తీర్మానాన్ని పట్టుకుంటాయి. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఉన్న సరిహద్దులే సరిహద్దులు, వాటిని కదిలిస్తే ఖండమంతా కదులుతుందన్న భయం అది. ఆనాడు ఆ తీర్మానాన్ని ఒప్పుకోనన్న దేశాల్లో సోమాలియా ఒకటి; ఇవాళ అదే సూత్రం మీద నిలబడి వాదిస్తోంది. తాము అడిగేది కూడా స్వాతంత్ర్యం వచ్చిన రోజు, అంటే 1960 జూన్ 26న, ఉన్న సరిహద్దేనని హర్గేసా జవాబిస్తుంది. 2005లో ఆఫ్రికన్ యూనియన్ పంపిన నిజనిర్ధారణ బృందం సైతం సోమాలీలాండ్ కోరిక ఆఫ్రికా రాజకీయ చరిత్రలో ప్రత్యేకమైనదని, దాన్ని మిగతా వేర్పాటు వాదాలతో కలిపి చూడకూడదని రాసింది. ఈజిప్టు, సిరియా 1958లో ఒకటై 1961లో విడిపోయాయి. సెనెగల్ 1960లోనే మాలి సమాఖ్య నుంచి బయటికి వచ్చింది. ఇష్టపడి కలిసిన వాళ్లు విడిపోతే లోకం వాళ్లను తిరుగుబాటుదార్లు అనలేదు.

ఇంతదాకా చదివి నేను హర్గేసా పక్షం వకీలునని మీ పాఠకులు అనుకోవద్దు. కలయికకు సమ్మతి కావాలన్నది నా వాదమైతే, ఆ సమ్మతిని హర్గేసా వారి దగ్గర అడిగినట్టే లాస్ అనోద్ వారి దగ్గరా అడగాలి. మీ వ్యాసంలో ఈ ఊరి పేరే లేదు. నా దృష్టిలో అది మిగతా పొరపాట్లన్నింటికన్నా పెద్దది.

లాస్ అనోద్ పాత బ్రిటిష్ సరిహద్దు లోపల, తూర్పు కొసన ఉంది. 1969లో సోమాలియా అధ్యక్షుడు అబ్దిరషీద్ అలీ షెర్మార్కె హత్య జరిగింది ఈ ఊళ్లోనే. ఆరు రోజులకు బర్రె గద్దెనెక్కాడు. అక్కడి ధుల్బహంతె వంశీయులకు హర్గేసా కన్నా తూర్పున ఉన్న పుంట్‌లాండ్‌తో చుట్టరికం ఎక్కువ. 1998లో ఏర్పడ్డ పుంట్‌లాండ్ స్వాతంత్ర్యం అడగలేదు, సోమాలియాలోనే స్వయంపాలన అడిగింది. ఆ ఊరు తనదేనని వాదించింది. 2007లో సోమాలీలాండ్ సైన్యం లాస్ అనోద్‌ను పట్టుకుంది. 2022 చివర ఒక ప్రతిపక్ష నాయకుడి హత్యతో జనం వీధుల్లోకి వచ్చారు, 2023 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది, హర్గేసా సైన్యం ఫిరంగులు ఆ ఊరి మీద పడ్డాయి, లక్ష మందికి పైగా ఊరు విడిచిపోయారు. ఆగస్టులో సోమాలీలాండ్ సైన్యం వెనక్కి తగ్గింది. తాము సోమాలియాలోనే ఉంటామని అక్కడి పెద్దలు ప్రకటిస్తే, అదే ఏడాది మొగదీషు వారి పాలనా యంత్రాంగాన్ని గుర్తించింది. 1988లో తమ మీద పడ్డ ఫిరంగిని మరిచిపోలేని హర్గేసా, 2023లో అదే ఫిరంగిని మరో ఊరి మీదికి తిప్పింది.

మా ఇంటి విద్యార్థి తల్లి వైపు వారు లాస్ అనోద్ వాళ్లు. ఆ ఫిబ్రవరిలో అతను రాత్రుళ్లు మేడ మీద ఫోను పట్టుకుని తిరిగేవాడు. తండ్రి వైపు చుట్టాలు సైన్యం తరఫున, తల్లి వైపు చుట్టాలు ఊళ్లో. ఒక రోజు మా ఆవిడ అన్నం పెడుతుంటే 'అమ్మా, మా మేనమామ ఇల్లు కూలింది' అన్నాడు, తర్వాత ఏమీ మాట్లాడలేదు. 2025 డిసెంబరులో ఇజ్రాయెల్ గుర్తింపు వచ్చాక హర్గేసా వీధుల్లో జనం జెండాలు పట్టుకుని ఆనందిస్తున్న దృశ్యాలు టీవీలో చూసి నేను అభినందిద్దామని ఫోను చేశాను. సంతోషమేనన్నాడు, కానీ వాళ్ల అమ్మ ఆ రోజంతా బయటికి రాలేదన్నాడు.

సోమాలీలాండ్ ప్రజాస్వామ్యంలో ఇతర లోపాలూ ఉన్నాయి. 2022లో జరగవలసిన అధ్యక్ష ఎన్నిక 2024కు జరిగింది. 2005లో ఎన్నికైన ప్రతినిధుల సభ 2021 దాకా కొనసాగింది, ఆ 2021 ఎన్నికలో 82 స్థానాల్లో ఒక్క మహిళా గెలవలేదు. దక్షిణాది సంగతి ఇంతకన్నా కష్టం: ఇస్లామిస్టు సాయుధ ముఠా అల్ షబాబ్ తుపాకుల కింద చాలా పల్లెలు; 2017 అక్టోబరు 14న మొగదీషులో ఒక్క ట్రక్కు బాంబుకు ఐదు వందల మందికి పైగా బలి; రాజ్యాంగ సవరణలు, ఎన్నికల విధానం మీద తగాదాలతో 2024లో పుంట్‌లాండ్, జుబాలాండ్ రెండూ కేంద్రంతో తెగదెంపులు ప్రకటించాయి. తన సమాఖ్యలోని రాష్ట్రాలనే ఒప్పించలేని మొగదీషు, ముప్పై ఏళ్లకు పైగా విడిగా ఉన్న హర్గేసాను ఏ మాటతో వెనక్కి పిలుస్తుందో నాకు తోచడం లేదు.

ఇజ్రాయెల్ ఇచ్చిన గుర్తింపును కూడా ఈ సమ్మతి కోణం నుంచే చూడాలని మనవి. 1991 నుంచి ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటీ చేయని పని అది చేసింది. మొగదీషు, ఆఫ్రికన్ యూనియన్, టర్కీ, ఈజిప్టు తప్పుపట్టాయి. అంతకు ముందు 2024 జనవరి 1న ఇథియోపియా సముద్ర తీరం కోసం హర్గేసాతో అవగాహన పత్రం రాసుకుంది, అదే ఏడాది డిసెంబరులో టర్కీ మధ్యవర్తిత్వంతో మొగదీషుతో రాజీపడింది. సోమాలీలాండ్ తీరంలోని బెర్బెరా రేవు, బాబ్ ఎల్ మందెబ్ జలసంధి, ఎర్రసముద్రపు నౌకల దారి. ఎవరు వచ్చినా వీటి కోసమే వస్తున్నారు. 97 శాతం ఓటుకు, బోరామ పెద్దల చర్చలకు దక్కని గుర్తింపు ఒక రేవుకు దక్కడం నాకు బాధగా ఉంది. రేవును చూసి చేయి కలిపినవారు రేపు మరో రేవు దొరికితే చేయి వదలరన్న భరోసా ఏమీ లేదు. లాస్ అనోద్ ప్రజల మాట వినమని వారు హర్గేసాకు చెబుతారన్న నమ్మకమూ నాకు లేదు.

మన పత్రికల్లో సోమాలియా కనిపించేది సముద్రపు దొంగలు పట్టుబడ్డప్పుడే. 2024 మార్చిలో మన ఐఎన్‌ఎస్ కోల్‌కతా రూయెన్ నౌక మీద 35 మందిని పట్టుకుని ముంబయి తెచ్చినప్పుడు మీరూ మొదటి పుటలో వేశారు. 1993-94లో మన సైనికులు ఐక్యరాజ్యసమితి తరఫున బైదోవా, కిస్మాయో ప్రాంతాల్లో శాంతి పరిరక్షణకు పనిచేశారు; హైదరాబాద్ కళాశాలల్లో సోమాలీ విద్యార్థులు చాలా ఏళ్లుగా చదువుతున్నారు. వాళ్లను అడిగి రాయించినా ఇంతకన్నా మంచి వ్యాసం వస్తుంది. హర్గేసా విద్యార్థినీ, లాస్ అనోద్ విద్యార్థినీ, మొగదీషు విద్యార్థినీ ఒకే పుటలో మాట్లాడించండి. 'తిరుగుబాటు ప్రాంతం' అనే చోట 'గుర్తింపు కోరుతున్న సోమాలీలాండ్' అని రాయండి. అది కూడా వీలుకాకపోతే, ఆ వ్యాసానికి సవరణగా 1960 జూన్ 26, జూలై 1 అన్న రెండు తేదీలనూ, లాస్ అనోద్ అన్న ఊరి పేరునూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ.